ఇద్దరే పట్టే బండి

బాలసుబ్రమణ్యం గూడూరుకు పోయింది నల్ల కారు కోసం. చేరేసరికి ఆ కారు లేదు. ముందురోజు సాయంత్రమే నాయుడుపేట నుంచి ఒక డాక్టరు వచ్చి తోలుకుపోయాడట.

బాలసుబ్రమణ్యానికి చిత్తూరులో బెల్లం మండీ ఉంది. వయసు నలభై మూడు. చెరకు గానుగలు ఆడే కాలమంతా ఐరాల, పూతలపట్టు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, పాకం చూసి, రైతులతో మాట్లాడి, మంచి బెల్లం వేరే మండీలకు పోకుండా చూసుకోవడం ఆయన పని. బస్సు దిగి మూడేసి మైళ్లు నడిచీ, స్కూటరు మీద గుంతల్లో ఎగిరెగిరి పడీ నడుము పట్టేసింది. కొత్త కారుకు పేరు రాయించి ఆరేళ్లయింది. అది ఈ జన్మలో వస్తుందన్న నమ్మకం పోయింది. డెబ్బై ఎనిమిది జనవరిలో పక్క మండీ దామోదరం వచ్చి, గూడూరులో మైకా గనుల పరంధామయ్య తన పెద్ద నల్ల కారు అమ్ముతున్నాడని చెప్పగానే ఇద్దరూ తొలి బస్సెక్కారు. నాలుగు తలుపులని, వెనక సీటు మంచమంత వెడల్పని దామోదరం దారిపొడవునా వర్ణించాడు. బాలసుబ్రమణ్యానికి అలాంటి బండే కావాలి. ఇంట్లో పదకొండు మంది. తల్లీ తండ్రీ, తనూ భార్యా, తమ ముగ్గురు పిల్లలు, తమ్ముడూ తమ్ముడి భార్యా, వాళ్ల పిల్లలిద్దరు.

పరంధామయ్యకు డెబ్బై దాటాయి. గనులు మూతపడ్డాక నెల్లూరులో చిన్న ఇల్లు కట్టుకుని, గూడూరు ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. అంతదూరం నుంచి వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం ఆయనకు నచ్చలేదు. మజ్జిగ ఇప్పించి, "ఇంకో బండి ఉండాది, చూస్తారా అబ్బయా" అన్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. ఒకప్పుడు మైకా ఏరిన చోటు. నేలంతా ఇంకా తళతళలాడుతోంది. మధ్యలో, ఎప్పుడో ఓడ మీద వచ్చిన ఒక సీమ కారు. కుంకుమరంగు వెలిసి ఇటుకరంగుకు తిరిగింది. పైకప్పు లేదు, దాని బదులు ఒక గుడ్డ టాపు, వానొస్తే లేపుకునేటట్టు వెనక మడిచి ఉంది. తలుపులు రెండు, సీట్లు రెండు. మొత్తం బండి మనిషి నడుమెత్తు కూడా లేదు. ముక్కు మాత్రం బారెడు పొడుగు.

"ఇది కారేనా?" అన్నాడు దామోదరం మెల్లగా.

మర్యాదకు కూర్చుని చూద్దామని బాలసుబ్రమణ్యం లోపలికి దిగాడు. ఆ బండిలోకి ఎక్కడం ఉండదు, దిగడమే. యువకుడిగా ఉన్నప్పుడు మండీ లారీ తోలినవాడు కాబట్టి స్టీరింగు కొత్త కాదు. పరంధామయ్య తాళం ఇచ్చి, "రైలు గేటు దాకా పొయ్యి రా" అన్నాడు.

గేటు దాకా పోయి వచ్చేసరికి పావుగంట పట్టింది. గేటు మూసి లేదు. ఆయనే గేటు దాటి ఆ పక్క నిమ్మతోటల దాకా పోయి, అక్కడ తిప్పుకుని వచ్చాడు. దిగేటప్పుడు జుట్టంతా లేచి నిలబడి ఉంది. ముఖం చూసి దామోదరానికి భయం వేసింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఎరిగిన బాలసుబ్రమణ్యం పళ్లు కనిపించేలా నవ్వే మనిషి కాదు.

"అన్నా, ఇంట్లో పదకొండు మంది," అని గుర్తుచేశాడు.

"తెలుసులే."

పరంధామయ్య ధర మాట వెంటనే ఎత్తలేదు. "మద్రాసు నుంచి ముగ్గురొచ్చారు దీనికోసం. ఒకాయన సినిమావోళ్లకు బాడుక్కిస్తానన్నాడు. ఒకాయన ఇంటిముందర అద్దాల గది కట్టి అందులో పెడతానన్నాడు. ఇంకొకాయన పండగలకు తీస్తానన్నాడు. ముగ్గుర్నీ పొమ్మన్నా. నువ్వేం చేస్తావు దీన్ని?"

గొప్పగా చెప్పడానికి బాలసుబ్రమణ్యం దగ్గర ఏమీ లేదు. "గానుగల కాడికి పోవాలప్పా. దినామూ. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నందాకా పల్లెలు తిరగాల. ఆమీట మండీకి."

"రోడ్లెట్లుంటాయి?"

"గుంతలు. కొన్నిచోట్ల రోడ్డే ఉండదు."

పరంధామయ్య గట్టిగా నవ్వి, తాళం ఆయన చేతిలోనే ఉంచేశాడు. "దినామూ తోలేవోడికే ఇద్దామని కూర్చున్నా. నీకు తోచింది ఇచ్చి తీస్కపో. ఎడమపక్క బ్రేకు కొంచెం లాగుతాది, అంతే."

ఇంటికి వచ్చే దారంతా దామోదరం ఒక చేత్తో తుండు, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని కూర్చున్నాడు. కాళహస్తిలో కాఫీకి ఆగితే బండి చుట్టూ ఇరవైమంది మూగారు. తిరుపతి దాటి చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి ఆయనకూ ధైర్యం వచ్చి, తుండు తలకు కట్టుకుని, ఎదురొచ్చిన బస్సులోవాళ్లకు చెయ్యి ఊపాడు. చిత్తూరులో దిగేటప్పుడు మాత్రం, "నేనైతే వద్దనే చెప్పినానని అమ్మకు చెప్పు," అని గట్టిగా చెప్పి వెళ్లాడు.

పెద్ద కారు వస్తుందని ఇంటిల్లిపాదీ అరుగు మీద కాచుకుని ఉన్నారు. బండి ఆగింది. తల్లి దేవకమ్మ హారతి పళ్లెం తమ్ముడి భార్య చేతికిచ్చి, మెట్లు దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"మిగిలింది యాడరా?" అంది.

"ఇంతేమ్మా."

"ఇంతేనా? వెనక కూర్చునేది?"

"వెనక ఏమీ ఉండదు."

తండ్రి కుప్పయ్య అరుగు దిగలేదు. టైర్ల వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు, లోపలికి పోయాడు. ఆయన మామూలుగానే రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. తర్వాత మూడు రోజులు ఆ పది కూడా లేవు.

భార్య జ్ఞానాంబ వాకిట్లోకి రాకుండా గడప లోపలే నిలబడింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఒకే మాట అడిగింది: "ఆ రెండో సీట్లో ఎవరు కూర్చోవాల?"

బాలసుబ్రమణ్యం అంతదూరం ఆలోచించలేదు. "బెల్లం," అన్నాడు.

అలాగే అయింది. మొదటి నెలంతా ఆ సీట్లో బెల్లమే కూర్చుంది. ఏ గానుగ దగ్గరికి పోయినా రైతు ఒక అచ్చు చేతికిచ్చేవాడు, మండీలో చూపించుకొమ్మని. అవి సీటు మీద పెట్టుకుని వస్తుంటే చీమలు కూడా వచ్చాయి. వారానికల్లా బండిలో రెండు రకాల చీమలు కాపురం పెట్టాయి. పరుపు తీసి ఎండలో పెట్టి, పసుపు చల్లి, వేపాకు పరిచి నానా తంటాలు పడ్డాడు. ఆయన పంచెకు పట్టిన పసుపు మరక చూసి మండీలో గుమాస్తాలు నవ్వుకున్నారు. చెరకు గడలిచ్చేవాళ్లు వాటిని సీట్లో నిలువునా నాటేవాళ్లు. ఒకసారి కాణిపాకం రోడ్డులో ఆవు ఒకటి నడిచివచ్చి, రైలు గేటు దగ్గర ఆగిన బండిలోంచి రెండు గడలు తీరిగ్గా నమిలిపోయింది.

అయినా బండి పని చేసింది. బస్సులో పోయినప్పుడు ఆయన గానుగ చేరేసరికి పాకం దించి అచ్చులు పోసి ఉండేవాళ్లు. లోపల ఏముందో దేవుడికే ఎరుక. ఇప్పుడు తెల్లవారకముందే పోయి పెనం పక్కన నిలబడగలుగుతున్నాడు. రోజుకు ఒక పల్లెకు బదులు నాలుగు పల్లెలు. ఇంకో సంగతి ఆయన మొదట గమనించలేదు. బండి మరీ కిందికి ఉంటుంది కదా, దారిలో ఎదురైన రైతుతో మాట్లాడాలంటే తలెత్తాల్సిందే. మండీలో మెత్త మీద కూర్చుని, కింద నిలబడ్డ రైతుతో ఇరవై ఏళ్లు మాట్లాడిన మనిషి. ఐరాల రైతు మునివెంకటప్ప ఒకరోజు బండి పక్కన నిలబడి, సీట్లో ఇరుక్కుని కూర్చున్న ఆయన్ని పైనుంచి చూస్తూ, "అప్పా, ఈ బండి కొన్నెంక నువ్వు మంచోడివైనావు," అన్నాడు. బాలసుబ్రమణ్యానికి కోపం రావాలి. రాలేదు. అంతకుముందు తను ఎలా ఉండేవాడో అని దారిపొడవునా ఆలోచించుకుంటూ వచ్చాడు.

ఇంట్లోవాళ్లలో మొదట ఎక్కింది దేవకమ్మే. సంకటహర చవితికి కాణిపాకం పోవాలంది. తలకు శాలువా చుట్టుకుని, కొబ్బరికాయల సంచి ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఊరు దాటాక కళ్లు తెరిచింది. ఇంకో రెండు మైళ్లు పోయాక వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని గుర్తుచేసుకుని, "రే సుబ్రమణ్యం, నీకొకటి చెప్తా, ఎవురికీ చెప్పగూడదు," అంది.

"చెప్పుమ్మా."

"నాకు మురుకులు నమిలేదానికి కాలేదురా. దవడపండ్లు పొయ్యి రెండేండ్లయింది. అవ్వకు ఇష్టమని మీ పెండ్లాలు డబ్బాలు డబ్బాలు చేసి పెడతారు. నేను ఎత్తకపొయ్యి ఆవుకు పెడతా ఉండా."

బాలసుబ్రమణ్యానికి నవ్వు ఆగలేదు. "ఆ మాట చెప్పొచ్చు గదమ్మా."

"ఎవురికి చెప్పేది? ఆ ఇంట్లో ఒకరికి చెప్తే పదిమందికి చెప్పినట్లే. ముసిల్దానికి పండ్లూడినాయని పిల్లకాయలు పాట కడతారు."

అప్పటినుంచి ఆ రెండో సీటు ఖాళీగా ఉండలేదు. పొద్దున పల్లెలకు పోయేటప్పుడు ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవాళ్లు. తమ్ముడు ఒకరోజు పూతలపట్టు దాకా వచ్చి, తనకు బెల్లం వ్యాపారం మీద మనసు లేదనీ, తిరుపతిలో గుడ్డల అంగడి పెట్టాలనుందనీ, రెండేళ్లుగా చెప్పలేక చస్తున్నాననీ చెప్పాడు. బాలసుబ్రమణ్యం అంగడికి చోటు తనే వెతికిస్తానన్నాడు. పెద్దకూతురు లెక్కల్లో తప్పిన సంగతి చెప్పింది. తమ్ముడి భార్యకు రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయట. రోజూ ఒకే వరసలో కూర్చుని అన్నం తినే మనుషులు. వీళ్ల కడుపులో ఇన్ని మాటలున్నాయని ఆయనకు ఆ బండి కొన్నాకే తెలిసింది.

ఎక్కనిది ఇద్దరే. కుప్పయ్య, జ్ఞానాంబ.

"నేను రాను," అనేసింది జ్ఞానాంబ. "టాపు లేని బండిలో, బజారు నడిమధ్యలో, మీ పక్కన కూర్చోవాలనా? ఉత్సవం పోతా ఉండాదని జనం టెంకాయలు కొట్టేరు."

"టాపు లేపుతాలే."

"లేపితే మాత్రం. లోపల ఇద్దరమే గదా."

ఇద్దరమే అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. బాలసుబ్రమణ్యం లెక్క వేసుకున్నాడు. పెళ్లయి పందొమ్మిదేళ్లు. తిరుమలకు పోయినా, పెళ్ళిళ్లకు పోయినా, సినిమాకు పోయినా, వెంట ఎప్పుడూ అయిదారుగురికి తక్కువ లేరు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం వడమాలపేట నుంచి మనిషి వచ్చాడు. జ్ఞానాంబ పుట్టిల్లు అక్కడే. ఆమె తల్లి వరదమ్మ బావి దగ్గర జారిపడి కాలు బెణికిందట. ఎముక విరగలేదని చెబుతున్నా వినకుండా జ్ఞానాంబ అప్పుడే బయలుదేరాలంది. మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు పట్టుకుంటే తిరుపతిలో మారి చేరేసరికి రాత్రవుతుంది.

"బండి వాకిట్లో పెట్టుకొని బస్సెందుకు మే," అంది దేవకమ్మ. "గుడ్డలు సర్దుకో. వంట మేం చూసుకుంటాం."

"అత్తా, మీరూ రాండి."

"నేను యాడ కూర్చోవాల, బోనెట్టు మీదా?"

బజారు దాటేదాకా జ్ఞానాంబ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒళ్లో గొడుగు వైపే చూస్తూ కూర్చుంది. బండికి టాపు కూడా లేదు. గుడ్డ ఒకపక్క చిరిగితే బాలసుబ్రమణ్యం రెండురోజుల కింద ఊడదీసి దర్జీకిచ్చాడు. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం రాలేదు. చంద్రగిరి దగ్గరికి రాగానే మబ్బు పట్టింది.

"వానొచ్చేటట్లుండాది. టాపు లేపండి."

"దర్జీ కాడుండాది."

ఆమె ఆయన వైపు తిరిగి చూసింది. అప్పటికి మొదటి చినుకులు పడ్డాయి. గొడుగు తెరిచింది. గాలికి అది ఒక్క ఊపుతో పైకి తిరగబడి, కలువపువ్వు మాదిరి అయింది.

"గొడుగు మూసెయ్యి," అన్నాడు బాలసుబ్రమణ్యం. "కిందికి జరిగి కూర్చో. నిలబడితేనే తడుస్తాం. పోతానే ఉంటే తడవము."

"ఎవురు చెప్పినారు?"

"నేనే కనుక్కున్నా, మొన్న ఆడినెల వానల్లో."

ఆమె నమ్మలేదు. కానీ బండి వేగం పెరిగేకొద్దీ వాన ముందు అద్దానికి తగిలి, పైకి లేచి, వాళ్ల తలల మీదుగా దాటి వెనక్కి పోయింది. రోడ్డుకు రెండుపక్కలా నీళ్లు పారుతున్నాయి. చెట్లకింద జనం నిలబడి వణుకుతున్నారు. వీళ్లిద్దరూ మాత్రం పొడిగా పోతున్నారు. జ్ఞానాంబ చెయ్యి పైకెత్తి చూసింది. వేళ్లు మాత్రం తడిశాయి. ఇంకోసారి ఎత్తి చూసింది. కొంగు ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు.

తిరుపతి దాటాక రైల్వే గేటు మూసి ఉంది.

బండి ఆగింది. వాన ఆగలేదు. కుండ బోర్లించినట్టు ఇద్దరి నెత్తినా పడింది. గూడ్సు బండి వచ్చింది. నలభై డబ్బాల దాకా లెక్కపెట్టి జ్ఞానాంబ మానేసింది. సీట్ల కింద నీళ్లు నిలిచాయి. పక్కన ఆగిన బస్సు కిటికీల్లోంచి జనం వంగి వీళ్లనే చూస్తున్నారు. ఆమెకు మొదట ఏడుపొచ్చింది. భర్త ముక్కు చివరినుంచి నీళ్లు ధారగా కారుతున్నా ఆయన స్టీరింగు పట్టుకుని నిటారుగా, మండీలో కూర్చున్నంత గంభీరంగా కూర్చోవడం చూసేసరికి నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆయనకూ అంటుకుంది.

"ఇప్పుడొక కాఫీ ఉంటే," అన్నాడాయన నవ్వు ఆగాక.

"మా అమ్మ పెడతాదిలే. మీకు బెల్లం దండిగా వేసి."

ఆ చలిలో, ఆ వానలో, దాచి ఏం లాభం అనిపించింది బాలసుబ్రమణ్యానికి. "జ్ఞానం, నాకు తీపి గిట్టదు."

"ఏమంటిరి?"

"చిన్నప్పటినుంచీ అంతే. పొద్దంతా బెల్లం వాసనే గదా. కాఫీలో కూడా అదే అంటే కడుపులో తిప్పుతాది."

"మరి పందొమ్మిదేండ్లుగా దినానికి రెండు గలాసులు తాగుతా ఉండారే."

"నువ్వు ఇష్టంగా వేస్తా ఉంటివి."

"నేనా? మావోడికి బెల్లం ఎక్కువెయ్యాలని వచ్చిన మొదటిదినమే మీ అమ్మ చెప్పింది. మీకోసరమని ఇంటికంతా అదే కలిపి, నేనూ అదే తాగుతా ఉండా. నాకూ గిట్టదు."

గేటు లేచింది. వెనకనుంచి ఒక లారీ హారన్ కొడుతోంది. బాలసుబ్రమణ్యం గేరు వెయ్యడం మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు.

వడమాలపేటలో వరదమ్మ నూనెగుడ్డ చుట్టిన కాలు పీట మీద పెట్టుకుని, నొప్పికి మూలుగుతూ ఉంది. నీళ్లు కారుతున్న కూతురూ అల్లుడూ ఆ చిన్న బండిలోంచి లేవలేక లేవలేక బయటికి రావడం కిటికీలోంచి చూసింది. మూలుగు మధ్యలో ఆగిపోయి నవ్వు మొదలైంది. రెండురోజుల్లో ఆమె గోడ పట్టుకుని నడిచింది. ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ బండి కథ చెబుతూ కాలు సంగతి మరిచిపోయిందని తర్వాత జ్ఞానాంబ అనేది. కాఫీ మాత్రం ఆ రెండు రోజులూ చేదుగా తాగారు ఇద్దరూ.

తిరుగుదారిలో ఎండ కాసింది. వడమాలపేట దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. జ్ఞానాంబ చాలాసేపు ఆయన కాళ్లవైపు చూస్తూ కూర్చుంది.

"ఆ ఎడమకాల్తో ఏం చేస్తా ఉండారు?"

"క్లచ్. అది తొక్కి గేరు వేసి, మళ్లీ నిదానంగా వదలాల. బిన్నా తటుక్కున వదిలితే బండి ఎగురుతాది."

"పాలు పొంగొచ్చేటప్పుడు పొయ్యిలో కట్టె వెనక్కి లాగినట్లా?"

బాలసుబ్రమణ్యానికి పాలు కాచే అనుభవం లేదు. "అట్లే అనుకో," అన్నాడు.

"దిగండి. నేను చూస్తా."

ఆయన దిగాడు. ఎందుకు దిగాడో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా తేలలేదు. మొదటిసారి బండి రెండు గెంతులు వేసి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె చెప్పులు విడిచి వెనక పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, పెదవి కొరుక్కుంటూ కట్టె వెనక్కి లాగింది. బండి కుదుపు లేకుండా, నెయ్యి జారినట్టు కదిలింది. చెరకుతోటలో మడవ కడుతున్న ఇద్దరు ఆడవాళ్లు పారలు నేలకానించి, బండి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు.

చిత్తూరు వచ్చేముందు సీట్లు మార్చుకున్నారు. కానీ ఇలాంటివి దాగవు. వారం తిరక్కముందే వడమాలపేట నుంచి వరదమ్మ ఉత్తరం రాయించింది: మా జ్ఞానం కారు తోలిందంట, నిజమేనా అని. ఉత్తరం పెద్దకూతురు అందరిముందూ గట్టిగా చదివింది. దేవకమ్మ కొడుకు వైపు తిరిగి, "లైసెన్సు తియ్యాల గదరా మరి. పోలీసులు పట్టుకుంటే మనకు మర్యాదా?" అంది.

పరీక్ష రోజున బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆ బండి చూసి, ఆమెను చూసి, తలగోక్కున్నాడు. లావుపాటి మనిషి. రెండో సీట్లో కూర్చోవడానికి ఆయనకు బాలసుబ్రమణ్యం సాయం పట్టాల్సి వచ్చింది. కలెక్టరాఫీసు చుట్టూ తిప్పి, మిట్ట ఎక్కించి, వెనక్కి తోలించి చూశాడు. తిరిగొచ్చాక కాగితం మీద సంతకం పెట్టి, "ఇచ్చేసినా. నన్ను పైకి లేపండి," అన్నాడు.

ఆ తర్వాత వారానికి మూడు రోజులు గానుగల దగ్గరికి జ్ఞానాంబే పోయేది. పాకం రంగు చూసి, నీళ్లలో వేసి ఉండ కట్టి, ఏ పెనం ముందు దించాలో రైతుకంటే ముందు చెప్పేది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో మనుషులందరికీ వండిపెట్టిన చేతికి పాకం ఒక లెక్కా? బజార్లో మొదట్లో కొందరు ఆగి చూశారు, కొందరు మాటలన్నారు. నెల తర్వాత అదే జనం చెయ్యెత్తి బండి ఆపి, "అమ్మా, ఐరాల్లో మా తమ్ముడికి ఈ సంచి ఇచ్చేస్తారా" అని అడగడం మొదలుపెట్టారు.

మరుసటేడు ఉగాది ముందర కొత్త కారు వచ్చింది. పేరు రాయించి ఏడేళ్లు దాటిన కారు. పదకొండు మందీ ఒకరిమీద ఒకరు కూర్చుని తిరుపతి పోయి వచ్చారు. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు పోట్లాడుకున్నారు, ఇద్దరికి వాంతులయ్యాయి, పెద్దవాళ్లకు ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. ఇక చిన్న బండి అమ్మేస్తారని ఊరంతా అనుకుంది. దామోదరం ఒక బేరం కూడా తెచ్చాడు. బాలసుబ్రమణ్యం ఆ బేరగాణ్ణి, "నువ్వు దీంతో ఏం చేస్తావు?" అని అడిగాడు. అతను పెళ్ళిళ్ల సీజనులో పూలతో అలంకరించి బాడుగకు తిప్పుతానన్నాడు. బాలసుబ్రమణ్యం అతనికి కాఫీ ఇప్పించి పంపేశాడు. కొత్త కారును తమ్ముడే తిరుపతిలో గుడ్డల అంగడి పనికి తీసుకుపోయాడు.

ఆ వేసవిలో ఒక పొద్దున జ్ఞానాంబ ఐరాల బయలుదేరుతూ ముందు అద్దం తుడుస్తోంది. బాలసుబ్రమణ్యం అప్పటికే మండీకి పోయాడు. కుప్పయ్య ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తుండు వేసుకుని అరుగు దిగాడు. బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఆయన పెద్దకోడలితో నేరుగా మాట్లాడడం ఎవరూ చూడలేదు. నీళ్లు కావాలన్నా మనవడితో చెప్పించేవాడు. ఆమె కూడా తలుపు చాటునుంచే బదులు చెప్పేది. అది కోపం కాదు, ఆ ఇంటి పద్ధతి. ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. చెప్పించడానికి మనవలెవరూ దగ్గర్లో లేరు.

"నేనూ వస్తామ్మా," అన్నాడు.

జ్ఞానాంబ గుడ్డ పక్కన పెట్టి తలుపు తెరిచింది. డెబ్బై మూడేళ్ల మనిషి, ఆమె చెయ్యి పట్టుకోకుండానే లోపలికి దిగాడు.

ఊరు దాటేదాకా ఆమె, మామ పక్కన కూర్చున్న బెదురుకు, బండిని ఎద్దుబండి కంటే నిదానంగా నడిపింది. వెనకనుంచి ఒక లారీ దాటిపోయింది. తర్వాత ఒక బస్సు. కుప్పయ్య దుమ్ములోంచి ఆ బస్సు వైపే చూశాడు.

"నాకు ఇరవై ఏండ్లప్పుడు," అని మొదలుపెట్టాడు, "మా కాడ ఒక జత కోడెలుండె. మైలకోడె ఒకటి, తెల్లది ఒకటి. ఐరాల్లో తిరణాల పందెంలో మూడేండ్లు వరసగా మాదే ముందు. మా నాయనకు తెలీదు. పొలానికని తోలుకపొయ్యేవాణ్ణి."

"ఎప్పుడూ చెప్పలేదే మామా."

"ఎవురడిగినారు?" అన్నాడు. తర్వాత చేత్తో ముందుకు చూపించాడు. "కొంచెం గట్టిగా తోలు."

ఆమె తోలింది. మిట్ట మీద లారీని దాటారు, దిగుడులో బస్సును దాటారు. కుప్పయ్య తుండు గాలికి లేచి జెండా మాదిరి ఎగిరింది. ఆయన దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, రెండు మోకాళ్లూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కోడెల కథలో ఇంకా చాలా ఉంది. మైలకోడెకు బెల్లమంటే ప్రాణం అట. పందానికి ముందురోజు రాత్రి తన భాగం దానికే పెట్టేవాడట.

మునివెంకటప్ప గానుగ దగ్గర బండి ఆగేసరికి పదిమంది రైతులున్నారు. కుప్పయ్యను చూసి అందరూ లేచారు. ఆయన అక్కడికి వచ్చి ఎనిమిదేళ్లయింది. మునివెంకటప్ప చెరకురసం తెచ్చి ఇచ్చాడు. కుప్పయ్య గ్లాసు అందుకుని, ముందు దాన్ని కోడలికిచ్చి, రెండోది తను తీసుకున్నాడు.

"మా పెద్దకోడలు," అన్నాడు అక్కడున్నవాళ్లతో, వాళ్లకు తెలియనట్టు. "బండి బాగా తోల్తాది."

జ్ఞానాంబ తల వంచుకుని పెనం దగ్గరికి పోయింది. పాకం చూస్తున్నంతసేపూ ఆమె చెవులు ఎర్రగానే ఉన్నాయి. మంట వేడి అనుకున్నారు అందరూ.

పని అయ్యాక ఇంటిదారి పట్టారు. చిత్తూరు రోడ్డు మలుపు దగ్గర కుప్పయ్య చెయ్యి అడ్డంగా ఊపి, కాణిపాకం వైపు పొమ్మన్నాడు. అది చుట్టుదారి, ఆరు మైళ్లు ఎక్కువ. వంటకు పొద్దు పోతుందని ఆమెకు తెలుసు. తెల్లకోడె సంగతి ఇంకా మొదలే కాలేదని కూడా తెలుసు. గేరు మార్చి, బండిని కాణిపాకం వైపు తిప్పింది.